బడికో కట్టె

రాత్రి బూడిదను రేకుముక్కతో గీకి పాత బకెట్లోకి తోస్తూ, మాస్టారు ఎప్పటిలాగే కిటికీలోంచి కలప మిల్లు గేటు వైపు చూశారు. గొంతుక్కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తున్నాయి. అయినా ఈ పని ఆయాకు అప్పగించరు. బడి ఊడ్చేది ఆవిడ, పొయ్యి మాత్రం ఆయనది. బూడిద తీయాలి, సన్న పుల్లలు గూడులా పేర్చాలి, కాగితం ముక్క అంటించి లోపల పెట్టాలి, ఇనప తలుపు మూయాలి. కాసేపటికి లోపల మంట హోరుమంటుంది. గోడ మీది పగిలిన బోర్డు, వరసగా వేసిన ఖాళీ బెంచీలు ఒక్కొక్కటే చలి విడుస్తాయి.

ఆ ఊరు దాటితే ఉత్తరాన రోడ్డు లేదు. అడవి, అడవి అవతల మంచు. చలికాలం వచ్చిందంటే అత్తారింటికొచ్చిన అల్లుడిలా ఓ పట్టాన కదలదు. బదిలీ మీద అక్కడికి వచ్చిన ఏ పంతులూ రెండో చలికాలం చూడలేదు. మాస్టారు మాత్రం నల్లజుట్టుతో వచ్చి, జుట్టు ముగ్గుబుట్టయ్యేదాకా ఉండిపోయారు. పైవాళ్ళు మంచి చోటికి పంపుతామన్నా వద్దన్నారు. పిల్లల మీద ప్రేమ అనుకుంది ఊరు. దేవుడిలాంటి మనిషని చేతులు జోడించింది. ఆయన చాల్లే అన్నట్టు నవ్వేవారు. ఆ నవ్వు వెనక ఏముందో ఊరంతటిలోనూ ఆయా ఒక్కదానికే తెలుసు.

బడికి ఆయన పెట్టిన నియమం ఒకటుంది. గుమ్మం దాటి లోపలికొచ్చేవాళ్ళెవరైనా చేతిలో ఒక కట్టె పట్టుకు రావాలి. పిల్లలైనా, పిల్లల తల్లులైనా సరే. ఒకసారి తనిఖీకొచ్చిన అధికారి వట్టి చేతులతో వస్తే, మాస్టారు ఆయన్ని గుమ్మంలోనే నిలబెట్టి ఎంతో మర్యాదగా వాతావరణం గురించి మాట్లాడుతూ పోయారు. పాపం ఆయన పళ్ళు టకటకలాడుతుంటే చూడలేక, జీపు డ్రైవరు వెళ్ళి ఎవరిదో కంచె కర్ర పీక్కొచ్చాడు. ఊళ్ళో ఇన్నేళ్ళుగా బడి గుమ్మం దాటనివాడు మిల్లు పెద్దాయన ఒక్కడే. కట్టెకు కరువై కాదు. అడవి దాకా కట్టెలన్నీ ఆయనవే.

మంట అందుకునే వేళకు పిచ్చుక వచ్చింది. అది మిల్లు పెద్దాయన మనవరాలు. వాగుడు ఎక్కువని మాస్టారే ఆ పేరు పెట్టారు. బడి మొత్తానికి ఇప్పుడు ఉన్నది అదొక్కతే. ఇవాళ అది కూడా మధ్యాహ్నం బస్సుకు టౌను హాస్టలు బడికి వెళ్ళిపోతుంది.

"మాస్టారూ, ఇవాళ కూడా కట్టె తేవాలా? నేను వెళ్ళిపోతున్నాగా," అంది, చంకలోని కట్టెను పొయ్యి పక్కన పడేస్తూ.

"వెళ్ళేలోపు చలెయ్యదా?"

దానికి నవ్వొచ్చింది. పొయ్యికి దగ్గరగా ఉన్న బెంచీ మీద కూర్చుని, కొత్త బూట్ల జోడు గురించి, హాస్టల్లో పై మంచం ఇస్తారా కింది మంచం ఇస్తారా అన్న బెంగ గురించి చెప్పుకుపోయింది. మధ్యలో గొంతు తగ్గించి, తాత నిన్నటినుంచీ ఏమీ తినడం లేదని కూడా చెప్పింది. మాస్టారు బోర్డు మీద భిన్నాలు వేస్తున్నారు. చేతిలోని సుద్ద ఆగలేదు. కడుపులో మాత్రం ఒక చల్లని తృప్తి పాకింది.

ఆ తృప్తి వయసు చిన్నది కాదు. మాస్టారు ఊరికొచ్చిన మొదటి చలికాలంలోనే ఆయన భార్యకు నెలలు నిండకుండా నొప్పులొచ్చాయి. వాళ్ళకిచ్చిన ఇంట్లో పొయ్యి లేదు. ఆమెను తెచ్చి ఇదే గదిలో, ఈ పొయ్యి పక్కనే రెండు బెంచీలు కలిపి పడుకోబెట్టారు. అప్పటికి పరికిణీలు కట్టుకునే పిల్ల అయిన ఆయా ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆస్పత్రి ఉన్నది టౌన్లో. చక్రాలకు గొలుసులు కట్టుకుని మంచులో పోగలిగిన బండి ఊళ్ళో ఒక్కటే, మిల్లు లారీ. మాస్టారు పడుతూ లేస్తూ వెళ్ళి అడిగారు. పెద్దాయన అప్పటికి పెద్దాయన కాదు, మీసం మెలేసే వయసు. పొద్దు గుంకుతోంది, భోంచేస్తున్నాడు. కంచంలోంచి తలెత్తకుండానే, "రేపు పొద్దున చూద్దాం," అన్నాడు. పొద్దుటికి చూడ్డానికి ఏమీ మిగల్లేదు. తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు.

చంపేద్దామనే అనుకున్నారు మాస్టారు. గొడ్డలి కూడా తెచ్చుకున్నారు. కానీ ఆయన చేతికి అలవాటైంది సుద్దముక్క. ఆలోచించగా ఆలోచించగా ఒకటి తట్టింది. మిల్లు బతికేది చేతుల మీద. ఆ చేతులు ఇంకా పలకలు పట్టుకుని తన బడిలోనే కూర్చుని ఉన్నాయి. నాలుగో తరగతి కాగానే పిల్లల్ని మిల్లులో వేయడం ఊరి అలవాటు. మాస్టారు ఇంటింటికీ తిరిగి, తల్లుల కాళ్ళావేళ్ళా పడి, పిల్లల్ని బడిలోనే ఉంచారు. మొద్దుబుర్రలకు కూడా లెక్కలు ఎక్కేదాకా వదల్లేదు. ప్రేమతో చెప్పే పంతులు ఎప్పుడో ఒకప్పుడు విసుక్కుంటాడు. పగతో చెప్పే పంతులుకు విసుగు రాదు. ఒక్కొక్కరినీ చదివించి టౌనుకు బస్సెక్కించారు. వెళ్ళినవాళ్ళెవరూ రంపం పట్టడానికి తిరిగి రాలేదు. మిల్లులో ముందు ఒక రంపం ఆగింది, తర్వాత రెండోది. చివరికి సైరన్ మోగడం కూడా మానేసింది.

పెద్దాయన కొడుకును మరీ శ్రద్ధగా చదివించారు. వాడు దూరాన ఏదో ఆఫీసులో కుదిరి, పెళ్ళి చేసుకుని, పుట్టిన పిల్లను తండ్రి దగ్గర వదిలాడు. ముసలాడికి ఆ పిల్లే లోకం. ఆ పిల్లకు హాస్టల్లో సీటు సంపాదించి, వాళ్ళ నాన్నకు ఫోను చేసి ఒప్పించింది కూడా మాస్టారే. చేతికి మట్టంటకుండా చేయాల్సిందంతా చేశారు. ఇక ఒక్క బస్సు కదలాలి.

తలుపు చప్పుడైంది. గుమ్మంలో పెద్దాయన నిలబడి ఉన్నాడు. నల్ల కోటు, చెవులదాకా టోపీ, ఒక చేతిలో ఊతకర్ర. రెండో చంకలో బెరడు ఒలిచిన కట్టె ఒకటి ఉంది. దాని మీద మంచు పలుకులు ఇంకా కరగలేదు.

"లోపలికి రావచ్చా మాస్టారూ?"

మాస్టారు పిచ్చుకను జడ వేయించుకు రమ్మని ఆయా దగ్గరికి పంపేశారు. పెద్దాయన కట్టెను ముందుకు చాపాడు. మాస్టారు చెయ్యి చాపలేదు. ముసలాయన కాసేపు అలాగే పట్టుకుని, ఏం చెయ్యాలో తోచక తలుపు పక్కన గోడకు ఆనించాడు. పిల్లల బెంచీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని కూర్చున్నాడు. పొయ్యి బాగుందన్నాడు, ఈ ఏడు మంచు ముందే పడిందన్నాడు. చల్లకొచ్చి ముంత దాచడమెందుకో. మాస్టారు మాత్రం సాయం చెయ్యలేదు, అడగనీ అని చూస్తూ నిలబడ్డారు.

"దాని నాన్నని చదివించారు, వెళ్ళాడు. నేనేమన్లేదు," అన్నాడు చివరికి. "ఊళ్ళో కుర్రాళ్ళందర్నీ పంపారు, మిల్లు మూతపడింది. అప్పుడూ ఏమన్లేదు. దీన్ని ఒక్క ఏడాది ఉంచండి మాస్టారూ. నేనింక ఎన్నాళ్ళో ఉండను. మీరు చెబితే దాని నాన్న వింటాడు."

ఈ ఘడియ కోసమే మాస్టారు బతికారు. గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో చూస్తూ ఎన్నిసార్లు సాధన చేశారో. తలెత్తకుండా, బల్ల మీది సుద్దపొడి తుడుస్తూ, అచ్చం అదే గొంతుతో అన్నారు.

"రేపు పొద్దున చూద్దాం."

అని, ఆగలేక తలెత్తి ఆ మొహంలోకి చూశారు. అక్కడ కూలిపోవాల్సింది ఏదీ కూల్లేదు. పెద్దాయన అయోమయంగా కళ్ళు చికిలించాడు.

"రేపేమిటి మాస్టారూ, బస్సు ఇవాళేగా."

గుర్తు లేదు. ఆ మాటా, ఆ సాయంత్రమూ, గుమ్మంలో రొప్పుతూ నిలబడ్డ కుర్ర పంతులూ, ఏదీ గుర్తు లేదు. మాస్టారు ఒక బతుకు మొత్తం దేని చుట్టూ తిప్పుకున్నారో, దాన్ని ఈ మనిషి మూతి తుడుచుకున్నంత సేపు కూడా మనసులో ఉంచుకోలేదు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ చెప్పి గుర్తు చేయించుకున్న పగ, అడుక్కుని పెట్టించుకున్న దండం ఒకటే. బోర్డు వైపు తిరిగారు. వెనక ఊతకర్ర చప్పుడు గుమ్మం దాటి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం బస్సొచ్చింది. బస్సు ఆగేది మిల్లు గేటు ముందున్న బల్ల దగ్గర. పిచ్చుక తాత మెడ పట్టుకుని ఏడ్చింది, అంతలోనే కిటికీ పక్క సీటు దొరికిందని నవ్వింది, బడి వైపు చెయ్యి ఊపింది. మాస్టారు కిటికీలోంచే చెయ్యెత్తారు. బస్సు మలుపు తిరిగింది. ఆయనకు సంతోషమే కలిగింది, దాచుకోవడమెందుకు. ఖాళీ బెంచీలన్నిటి వైపూ తిరిగి, ఎవరో ఉన్నట్టుగా తల పంకించారు. బడిలో ఇక చదువు చెప్పడానికి ఎవరూ లేరన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది. దాన్ని కూడా లెక్కచెయ్యలేదు. బోర్డు మీది భిన్నాలు చెరపకుండా అలాగే ఉంచారు.

పెద్దాయన మాత్రం బల్ల మీంచి లేవలేదు. ఊతకర్ర మీద రెండు చేతులూ, చేతుల మీద గడ్డమూ ఆనించి, బస్సు పోయిన వైపే చూస్తూ కూర్చున్నాడు. మంచు మొదలైంది. కూర్చోనీ అనుకున్నారు మాస్టారు. ఆ రోజు నేను ఎదురుచూసింది కూడా ఆ రోడ్డు వైపే, లారీ వస్తుందేమోనని. గుర్తొచ్చేదాకా కూర్చోనీ. పిచ్చుక తెచ్చిన కట్టెను పొయ్యిలో వేసి, కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కున్నారు.

ఆయా తల మీది మంచు దులుపుకుంటూ వచ్చింది. అలవాటు కొద్దీ తన కట్టె తను తెచ్చింది. దాన్ని పొయ్యిలో పెట్టి, అక్కడే నిలబడింది. పెద్దాయనను ఇంటికి రమ్మని అడిగిందట. వస్తాలే, నువ్వు పో అన్నాడట.

"మీరు పిలిస్తే వస్తాడు," అంది.

"ఇంటికి దారి ఆయనకు తెలీదా?"

ఆయా కొడుకును కూడా మాస్టారే చదివించి పంపారు. ఆయన మాటకు ఆవిడ ఎన్నడూ ఎదురు చెప్పలేదు.

"ఆ రోజు నేనూ ఉన్నా మాస్టారూ. అమ్మగారి చెయ్యి నా చేతిలోనే చల్లబడింది. మీ కడుపుమంట నాకు తెలీందేం కాదు. అయినా చలి ఎవరికైనా చలే."

"ఈ టీ తాగి చూద్దాం," అన్నారు మాస్టారు, పొయ్యి మీది గ్లాసు అందుకుంటూ.

ఆవిడ వెళ్ళిపోయింది. ఆయన టీ తాగారు. వెలుతురు తగ్గింది. ముసలాడి టోపీ మీద, భుజాల మీద మంచు పేరుకుంటోంది. దులుపుకుంటాడేమో, ఒక్కసారి బడి వైపు తిరుగుతాడేమో, తిరిగితే ఆ కళ్ళలో చూద్దామని ఆయన రెప్ప వెయ్యలేదు. ముసలాడు తిరగలేదు.

చివరికి లేచింది జాలితో కాదు. గుర్తొచ్చిందో లేదో తెలియకపోతే ఆ పూట నిద్ర పట్టేలా లేదు. కోటు తొడుక్కుని, జారే మెట్ల మీద జాగ్రత్తగా దిగి, రోడ్డు దాటి, బల్ల మీద ఆయన పక్కనే కూర్చున్నారు. ఇన్నేళ్ళలో అంత దగ్గరగా ఎన్నడూ కూర్చోలేదు.

"నా భార్యకు లారీ అడగడానికొచ్చాను. మీరు భోంచేస్తున్నారు," అన్నారు రోడ్డు వైపే చూస్తూ. "రేపు పొద్దున చూద్దామన్నారు. గుర్తొచ్చిందా?"

జవాబు కోసం ఆగారు. మళ్ళీ అడిగారు. అప్పుడు పక్కకు తిరిగి చూస్తే, పెద్దాయన కనుబొమల మీద పడ్డ మంచు కరగకుండా అలాగే ఉంది. రెప్పలు సగం వాలి ఉన్నాయి. మాస్టారు వంగి, ఆ మొహం మీద తనకు కావలసింది ఎక్కడైనా ఉందేమోనని వెతికారు. ఆకలితో, చలితో ఉన్న ఒక ముసలి మొహం తప్ప అక్కడ మరేమీ దొరకలేదు.

ఆయా నలుగురిని పిలుచుకొచ్చింది. వాళ్ళూ ముసలివాళ్ళే, మోయడానికి ఊళ్ళో కుర్రాళ్ళెవరూ లేరు. మధ్యమధ్యలో శవాన్ని కింద దింపి, ఆయాసం తీర్చుకుంటూ మోసుకెళ్ళారు. ఒక చెయ్యి వెయ్యమని మాస్టారిని ఎవరూ అడగలేదు. ఆయన పెద్దవారు, పైగా దేవుడిలాంటి మనిషి.

ఆయన తిరిగి బడిలోకి వచ్చేసరికి పొయ్యి ఆరిపోవడానికి సిద్ధంగా ఉంది. పుల్లలు లేవు. రేపటినుంచి కట్టె తెచ్చే పిల్లలు కూడా లేరు. చేతులు చాపి ఆ కాస్త సెగ మీద పెట్టి, వెనక్కి చూశారు. తలుపు పక్కన, మీది మంచు కరిగి చిన్న తడి మరకలో, పెద్దాయన తెచ్చిన కట్టె ఒక్కటే గోడకు ఆనుకుని ఉంది.