కంబళి తీసిన బేరం

నేను ఒక నల్ల కంబళిని. గొర్రెబొచ్చు వడికి, నేసి, చింతగింజల గంజి పెట్టి నన్ను బిగువుగా తయారుచేశారు. చలికి కప్పుకోవడానికే పుట్టినా, దళారి కదిరప్ప చేతిలో పడి బేరాల్లోకి దిగాను. రైతు చెయ్యి, వ్యాపారి చెయ్యి నా కింద కలిసేవి. వ్యాపారి రైతు వేళ్లు ఎన్ని పట్టుకుంటే ధర అన్ని వందలు. పైన నోళ్లు వానల గురించి మాట్లాడుకునేవి, కింద వేళ్లు అసలు సంగతి చెప్పుకునేవి. మనుషులు నోటిని అంతగా నమ్మరని నాకు అప్పుడే తెలిసింది.

రాతిగుంట అప్పటికింకా ఊరు కాదు. గుట్ట కింద ఒక బావి, దాని చుట్టూ సుంకన్న చీనీతోట, అంటే బత్తాయి తోట. తొలి కాపు అమ్ముడుపోకపోతే చెట్లు నరికేసి, భార్య హనుమక్కతో వలస పోవాలనుకున్నాడు సుంకన్న. కొనడానికి వచ్చింది దస్తగిరి సాయిబు ఒక్కడే. ఇద్దరి చేతుల మీదా కదిరప్ప నన్ను కప్పాడు.

సాయిబు గట్టిగా పట్టుకున్నాడు. సుంకన్న చెయ్యి లాక్కున్నాడు.

"నాలుగా? దీనికన్నా కట్టెలు కొట్టుకునేది మేలు!"

"నాలుగేందప్పా! చెయ్యంతా పట్టుకుంటి కదా!"

హనుమక్క వచ్చి నన్ను లాగి అవతల పారేసింది. "మా ఆయప్ప చెయ్యంతా పట్టుకున్నా నాలుగే సామీ! చిటికెనేలు బాయి తవ్వేటప్పుడే పాయ."

కదిరప్ప నోరు తెరిచాడు. బేరం మధ్యలో కంబళి తీయడం అతనెన్నడూ చూడలేదు. సాయిబు పడీపడీ నవ్వి, తన చెయ్యి పైకెత్తి అయిదు వేళ్లూ చాపాడు.

"బాయిలో పోయిన ఏలు గూడా కలిపి చెప్తాండా. సూసుకో తల్లీ!"

చెట్లు నిలిచాయి. కదిరప్ప కోపంతో నన్ను అక్కడే వదిలేసి పోయాడు.

రాతిగుంటలో ధర అందరి ముందరా చెప్తారన్న మాట చుట్టుపక్కల పాకింది. రైతులు బండ్లు ఇటు తిప్పారు. బండ్లవాళ్ల కోసం టీకొట్టు వచ్చింది, దాని పక్కన గంపలల్లేవాళ్లు దిగారు, తర్వాత కాటాలు, లారీలు, బడి. నేను హనుమక్క పండ్ల గంపల మీద పడి కునుకు తీసేదాన్ని, కన్ను తెరిచినప్పుడల్లా ఇంకో వీధి కనిపించేది. ఊరికి పని పెరిగింది, నాకు పోయింది.

ఇప్పుడు మార్కెట్ ఆఫీసులో, గాజు బీరువాలో ఉన్నాను. 'ఊరి తొలి బేరం ఈ కంబళి కిందే కుదిరింది' అని చీటీ అంటించారు. మొన్న హనుమక్క మనవరాలితో అది చదివించుకుని, "కింద యాడ కుదిరె? తీసినాకనే కదా!" అని నవ్వింది.

"అట్లేలే అవ్వా," అన్నాడు గుమాస్తా. చీటీ మార్చలేదు.

పూత కాలంలో చీనీ వాసన గాజు సందుల్లోంచి వచ్చి నన్ను నిద్రపుచ్చుతుంది. హనుమక్క నన్ను విసిరేసిన చోట ఇప్పుడు నాలుగు రోడ్లు కలుస్తాయి. కలలో నేనింకా అక్కడే, రాలిన ఆకుల మీద పడి ఉంటాను. పండ్ల లారీలు మెల్లగా నా పక్కనుంచి తప్పుకుని పోతుంటాయి.