తాత ఎడమవైపు

మడియున్‌లో పంచదార మిల్లు మూతపడి పదకొండేళ్లయినా, దాని పొగగొట్టం మాత్రం బతికున్న పెద్దమనిషిలాగే నిలబడి ఉండేది. మా పేటంతా దాన్ని తాత అనేది. తాతకు తూర్పున, రోడ్డు అవతల, తుమిరా కొట్టు. నాలుగు వెదురు గుంజలు, రేకు కప్పు, రెండు బల్లలు, ఒక పొయ్యి. ఉడికించిన ఆకుకూరల మీద పల్లీల ముద్ద పోసి ఆమె పెట్టే పెచెల్ తింటే గాని ఎవరికీ తెల్లవారేది కాదు. ఆ పొయ్యి అత్తగారు పెట్టింది. మొగుడు పోయాక తుమిరాను నిలబెట్టిందీ అదే. తాతను పడగొడతారని తెలిసిన దగ్గర్నుంచి ఆమెది ఒకటే దిగులు. పోయేవాడు పోతూ పోతూ తన కొట్టు మీద పడకుండా ఉంటే చాలు.

పడగొట్టే ఇంజనీరు జకార్తా మనిషి. పేరు రినాల్డి. చదువుకు లోటు లేదు, తెలివికి లోటు లేదు, దిక్కులు మాత్రం తెలియవు. పేటవాళ్లను పోగేసి, గొట్టం ముందు నిలబడి, "ఎడమవైపు పడుతుంది. అటు ఎవరూ ఉండకూడదు" అని చెప్పి కారెక్కి వెళ్లిపోయాడు.

చిక్కంతా అక్కడే వచ్చింది. మా వాళ్లకు కుడి ఎడమలతో పని లేదు. అన్నిటికీ దిక్కులే. గుర్రుపెట్టే మొగుడిని కూడా "కాస్త దక్షిణానికి జరిగి చావు" అంటారు. ఆ దిక్కులు కూడా తలెత్తి తాతను చూసుకునే చెప్పుకుంటారు.

పేటపెద్ద సరిమిన్ ఇంట్లో అందరూ కూర్చున్నారు.

"ఇంతకీ అతనెటు తిరిగి నిలబడ్డాడు?" అన్నాడు సరిమిన్.

"ఫోన్ వైపు" అంది తుమిరా.

"సర్లే" అన్నాడు సరిమిన్. "అయినా అతని ఎడమతో మనకేం పనక్కా? పెద్దాయన ఎదురుగా ఉంటే మన చేతులు చూసుకుంటామా? తాత ఎడమే ఎడమ. కట్టిన ఏడాది చెక్కిన రాయి దక్షిణాన ఉంది, అదే ఆయన మొహం. దక్షిణానికి తిరిగినోడి ఎడమచెయ్యి ఎటు? తూర్పుకి!"

తూర్పునే తుమిరా కొట్టు. మర్నాడు సాయంత్రం ఇరవైమంది కలిసి కొట్టును గుంజలతో సహా ఎత్తి, తాతకు పడమర ఉన్న పాత చెరుకు దొడ్డిలో దించారు.

ఆదివారం పొద్దున రినాల్డి వచ్చేసరికి దొడ్డిలో పొయ్యి మండుతోంది. అతని మనుషులే ఇద్దరు బల్ల మీద కూర్చుని వేళ్లు నాకుతున్నారు.

"ఈ కొట్టు ఇక్కడెవరు పెట్టమన్నారు?"

"నువ్వే కదా నాయనా, ఎడమకి పడుద్దన్నావు."

"ఇదే ఎడమ!"

"ఇది పడమర. తాతకి కుడిచెయ్యి."

రినాల్డి తల పట్టుకున్నాడు. "గొట్టానికి చేతులుంటాయా అమ్మా?"

"మీ ఊళ్లో వాటికి ఉండవేమో."

గొట్టం మొదట్లో పేలుడు మందు కూరేశారు. రోడ్డు మూసేశారు. తొమ్మిదికి ముహూర్తం. "కొట్టు వదిలేసి వచ్చెయ్యండి, కొత్తది కట్టించమని చెప్తాను" అని బతిమాలాడు రినాల్డి. తుమిరా గుంజను కావలించుకుని చతికిలబడింది.

"కొట్టు లేచాకే నేను లేస్తాను."

ఆమె సంగతి తెలిసిన ఇరవైమందీ పరిగెత్తుకొచ్చి కొట్టెత్తారు. పల్లీల కుండ తుమిరా చంకలో ఉంది. రినాల్డి మైకు అందుకుని "కుడికి! కుడికి తిప్పండి!" అని అరిచాడు. పదిమంది ఇటు తిరిగారు, పదిమంది అటు తిరిగారు. కొట్టు ఉన్నచోటే గానుగెద్దులా చుట్లు కొట్టింది. తుమిరా వచ్చి మైకు లాక్కుంది.

"తూర్పుకి! తూర్పుకి నడవండ్రా సన్నాసుల్లారా!"

కొట్టు సూటిగా నడిచి, రోడ్డు దాటి, పాత గుంతల్లోనే గుంజలు దింపుకుంది.

రినాల్డి మీట నొక్కాడు. తాత ఒక్క క్షణం ఆలోచించి, పడమటికి ఒరిగి, సరిగ్గా ఇందాక పొయ్యి మండినచోటే పడ్డాడు. జనం చప్పట్లు కొట్టారు. తుమిరా మాత్రం భోరుమంది. కొట్టు మిగిలినందుకు సంతోషమే, కానీ అత్తగారు పోయిన రోజు కూడా ఆమె అంతగా ఏడవలేదు.

దుమ్ము అణిగాక ఆమె కళ్లు తుడుచుకుని పొయ్యి రాజేసింది. రినాల్డి వచ్చి బల్ల చివర కూలబడ్డాడు. వెనకే సరిమిన్ వచ్చాడు. అతనికి చోటు లేదు.

"నాయనా, కాస్త..." అంటూ తుమిరా అలవాటుగా తలెత్తింది. బల్ల మీదవాళ్లంతా తలలెత్తారు. అక్కడ ఉట్టి ఆకాశం ఉంది.

గరిటె చేతిలోనే ఉండిపోయింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆమె, "కాస్త ఎడమకి జరుగు" అంది.

రినాల్డి కదల్లేదు.

"ఎవరి ఎడమమ్మా?" అన్నాడు.