మధ్యలో రెండు రోజులు

ఆ కాగితం రాసే పని యమున మీద పడింది. పడక ఇంకెవరి మీద పడుతుంది? ఆ కాలేజీలో తప్పుల్లేకుండా ఇంగ్లీషు రాయగలిగేది ఆమె ఒక్కతే. పోయిన పిల్ల చదివిన సెక్షనుకి ఇన్‌ఛార్జీ కూడా ఆమే. ప్రిన్సిపాల్ నరసింగరావు పొద్దున్నే పిలిచి, కూర్చోమని, టీ తెప్పించాడు. పదేళ్ళలో ఏ లెక్చరరుకీ టీ తెప్పించిన పాపాన పోని మనిషి.

“ఏటీ లేదు మేడమ్. హెడ్డాఫీసుకి పంపాలి. జరిగింది జరిగినట్టు నాలుగు ముక్కలు రాయండి. మన తప్పేం లేదని ఒప్పుకున్నట్టు కింద తల్లి వేలిముద్ర ఉండాలి. పిల్ల పెట్టె పట్టుకెళ్ళడానికి పదకొండుకి వస్తున్నారు. చదివి వినిపించి, వేయించేయండి.”

“జరిగింది జరిగినట్టా సార్?”

నరసింగరావు టీ కప్పు పక్కన పెట్టి ఆమెకేసి చూశాడు. “ఎలాగ రాయాలో ఇంగ్లీషు మేడమ్‌గారికి నేను చెప్పాలా?” అన్నాడు.

జరిగిందేమిటో తెలియాలంటే గురువారం దగ్గర మొదలుపెట్టాలి. రాజాం ఊరి చివర హాస్టలున్న ఆడపిల్లల జూనియర్ కాలేజీ అది. నీలవేణిది పాతపట్నం అవతల పల్లె. తండ్రి లేడు. తల్లి కూర్మమ్మ తమ్ముణ్ణి తోడు పెట్టుకుని ఎకరంన్నర వరి చేసుకుంటూ కూతుర్ని చదివిస్తోంది. పిల్ల నెమ్మదస్తురాలు, సెక్షన్లో ఫస్టు.

ఆ గురువారం యమున రెండు పనుల్ని ఒకే వాక్యంలో ఎలా చెప్పాలో నేర్పుతోంది.

“మనం తిని, చేసి, వెళ్ళి అని ఒకదాని వెనక ఒకటి తగిలించుకుంటూ పోతాం కదా. ఇంగ్లీషులో దానికి రెండు దారులున్నాయి. మొదటి పని పూర్తిగా అయిపోయాక రెండోది జరిగితే హావింగ్ పెట్టండి. హావింగ్ ఫినిష్‌డ్ హర్ వర్క్, షీ వెంట్ హోమ్. అలా కాకుండా ఒక చిన్న పని జరిగీ జరగ్గానే దాని వెంటే రెండోది జరిగిపోతే ఐఎన్‌జీ చాలు. ఓపెనింగ్ ది డోర్, షీ కాల్డ్ హర్ మదర్. తలుపు తీసింది, తీస్తూనే అమ్మని పిలిచింది.”

నీలవేణి లేచి నిలబడింది. “మేడమ్, మరి మధ్యలో ఎంతసేపయిందో చదివినోళ్ళకి ఎలా తెలుస్తాది?”

“తెలీదు. చెప్పాలనుకుంటే దానికి వేరే వాక్యం రాయాలి. చెప్పడం ఇష్టం లేకపోతే ఊరుకోవాలి,” అంది యమున. పిల్లలు నవ్వారు. యమునకి కూడా తన మాట తనకే ముచ్చటేసింది.

బెల్లు కొట్టాక ఆ పిల్లే ఒక చీటీ పట్టుకుని వచ్చింది. సిక్ స్లిప్పు. హాస్టల్ పిల్లకి ఒళ్ళు బాగోకపోతే ఆ చీటీ మీద ముందు సెక్షన్ ఇన్‌ఛార్జీ సంతకం పెట్టాలి. అది చూశాకే వార్డెన్ ఇంటికి ఫోన్ చేస్తుంది, ఆసుపత్రికి పంపుతుంది. సంతకం లేకపోతే పిల్ల నేల మీద దొర్లుతున్నా గేటు తీయరు. ఎవడు పెట్టాడో ఈ పద్ధతి, వాడి పిల్లలు మాత్రం ఇలాంటి హాస్టల్లో చదువుతూ ఉండరు.

యమున నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. కాలిపోతోంది. సంతకం పెట్టడానికి పెన్ను కూడా తీసింది. అప్పుడు గుర్తొచ్చింది శనివారం పరీక్ష. పరీక్ష రాయని పిల్లకి సున్నా వేస్తారు. ఆ సున్నా సెక్షన్ సగటులో కలుస్తుంది. ఏ సెక్షన్ ఎన్నో స్థానమో ప్రిన్సిపాల్ గది బయట బోర్డు మీద రాస్తారు. రెండు నెలలుగా యమున సెక్షన్ అట్టడుగునే ఉంది. మూడో నెల కూడా అలాగే ఉంటే వేరే చోటు చూసుకోమని నరసింగరావు నలుగురిలో మొహం మీదే అనేశాడు. ఫస్టొచ్చే పిల్లకే సున్నా పడితే ఇంక చెప్పేదేముంది?

“ఈ బిళ్ళ వేసుకో. పరీక్ష రాసేసి వెళ్దువుగానిలే. శనివారం సాయంత్రం నేనే సంతకం పెడతాను,” అంది.

“సరే మేడమ్,” అంది పిల్ల. చీటీ హాజరు పట్టీలోకి వెళ్ళింది.

శుక్రవారం నీలవేణి బల్ల మీద తల వాల్చి పడుకుంది. “తగ్గిందా?” అని అడిగింది యమున. “తగ్గింది మేడమ్,” అంది ఆ పిల్ల. తగ్గలేదని యమునకి తెలుసు. తెలిసే అవతలి వరసలోకి నడిచింది. శనివారం ఆ పిల్ల రెండు గంటలూ కూర్చుని పరీక్ష రాసి, పేపరు ఇవ్వడానికి లేచి, లేచినచోటే కుప్పకూలింది. ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. డెంగీ ముదిరిపోయింది, శ్రీకాకుళం తీసుకుపొమ్మన్నారు. దారిలోనే ప్రాణం పోయింది. రెండు రోజుల ముందు తేవలసింది కదమ్మా అని డాక్టరు అన్నది యమునతోనే. అప్పటినుంచీ ఆమెకి తిండి సయించడం లేదు.

ఇప్పుడు స్టాఫ్ రూములో తెల్లకాగితం ముందు కూర్చుంది. మొదట గురువారం అని రాసింది. కొట్టేసింది. ఇంకో కాగితం తీసింది. ఉద్యోగం పోతే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందని ఒక ఆలోచన. ఆ తల్లి కళ్ళలోకి ఎలా చూడాలని ఇంకో ఆలోచన. ఈ రెంటి మధ్యా ఆమె చెయ్యి దానంతటదే రాసుకుంటూ పోయింది.

ఫైండింగ్ ది స్టూడెంట్ ఫీవరిష్, ది ఇన్‌ఛార్జ్ గేవ్ హర్ మెడిసిన్ అండ్ రష్‌డ్ హర్ టు ది హాస్పిటల్.

ఏ మాటకా మాట నిజమే. జ్వరం చూసిందీ నిజమే, మందిచ్చిందీ నిజమే, ఆసుపత్రికి పరుగెత్తిందీ నిజమే. మధ్యలోని రెండు రోజులే లేవు. నలభైమందికి నేర్పిన చదువు ఇలా అక్కరకొచ్చిందన్నమాట. యమునకి తన మీద తనకే అసహ్యం వేసింది. వేసినా కాగితం చింపలేదు.

పదకొండు దాటాక కూర్మమ్మ, తమ్ముడు అప్పలసూరి వచ్చారు. ప్రిన్సిపాల్ గదిలోకి రమ్మంటే ఆమె గుమ్మం ఎక్కలేదు.

“మైలతోటున్నాను బాబూ. లోపటికి రాకూడదు. ఇక్కడే కూకుంతాను,” అని వరండా గచ్చు మీద ఓ మూలకి ఒదిగి కూర్చుంది. అప్పలసూరి పెట్టె తేవడానికి హాస్టల్ వైపు వెళ్ళాడు. నరసింగరావు కాగితం, ఇంకు డబ్బీ యమున చేతిలో పెట్టి, “మీరే చూసుకోండి మేడమ్,” అని లోపలే ఉండిపోయాడు.

అలా ఆ ఇద్దరే మిగిలారు. యమున గచ్చు మీద ఆమె ఎదురుగా కూర్చుంది. చెబితే ఇప్పుడే చెప్పాలి. వేలిముద్ర పడకముందే చెప్పాలి. ఆ సంగతి ఆమెకి తెలుసు.

“ఏటి రాసినారు మేడమ్‌గోరూ? నాకు సదువు రాదు. తెలుగులో సెప్పండి.”

“జ్వరం రావడం చూసి, మందిచ్చి, ఆసుపత్రికి తీసుకెళ్ళాం అని రాశానమ్మా.”

కూర్మమ్మ ఆ ముక్కలు పెదాలతో తనలో తను అనుకుంది. “సూసి, మందిచ్చి, తీసుకెల్నారు,” అంది. తలెత్తి అడిగింది. “బేగి తీసుకెల్నారా తల్లీ? జొరమని తెలిసిన ఎంటనే?”

కిటికీ అవతల నరసింగరావు ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

“తీసుకెళ్ళామమ్మా. వెంటనే.”

కూర్మమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. “అదే నా బాధ. మా గుంట నీలవేణి ఒక్కర్తీ ఏ మూలో తొంగొని, అమ్మా అమ్మా అని అలమటించినాదేమో, ఎవులూ పట్టించుకోనేదేమో అని. మూడు రోజులై కంటిమీద కునుకు నేదు. మీరు కూడున్నారు కదా. ఇంక దాని రాత అంతేనని అనుకుంతాను.” అడక్కుండానే బొటనవేలు చాపింది. యమున ఇంకు అంటించి, ఆ వేలు పట్టుకుని కాగితం మీద అద్దింది. పొలం పని చేసి చేసి గీతలు అరిగిపోయిన వేలు. ముద్ర సరిగ్గా పడక రెండోసారి కూడా వేయించింది.

కాగితం లోపలికి వెళ్ళింది. నరసింగరావు ఫోనుతో ఫొటో తీసి, అక్కడికక్కడే హెడ్డాఫీసుకి పంపేశాడు. “మంచిపని చేశారు మేడమ్. మీ గురించి పైకి నేను రాస్తాన్లెండి,” అన్నాడు. ఆ మాట విని సంతోషించాల్సింది యమున. కానీ ఆయన ఇంకేదో అనేలోపే గదిలోంచి బయటపడింది.

గేటు దగ్గర అప్పలసూరి ఆటోలో పెట్టె సర్దుతున్నాడు. కూర్మమ్మ అప్పటికే ఎక్కి కూర్చుంది. యమున పరుగులాంటి నడకతో వెళ్ళి ఆటో కమ్మీ పట్టుకుంది. ఇంక ఆగలేకపోయింది. చీటీ, పరీక్ష, గురువారం, శుక్రవారం అన్నీ ఒక్కపెట్టున కక్కేసింది. చెబుతున్నంతసేపూ ఏడ్చింది. చెప్పాక గుండె కాస్త తేలికపడింది కూడా. ఆ తేలిక ఎంతసేపు నిలిచింది గనక.

కూర్మమ్మ ఏడవలేదు. “నానడిగినాను కదమ్మా,” అంది నెమ్మదిగా. “ఏలు ఎయ్యక ముందే అడిగినాను. అప్పుడు సెప్పుంటే ఎయ్యకపోదును. పోనీ ఎప్పటికీ సెప్పకపోతే, నువ్వన్న మాట నమ్ముకుని ఇయ్యేళన్నా తొంగుందును. అప్పుడూ సెప్పక, ఇప్పుడు సెప్పి, నాకేటి మిగిల్సినావు?”

యమున ఆటో కమ్మీ వదిలి ఒక అడుగు వెనక్కి వేసింది.

అప్పలసూరి మాత్రం ఊరుకోలేదు. యమున కొంగుని కాదు, చేతిని కాదు, ఆమె మాటని పట్టుకున్నాడు. “రండి మేడమ్‌గోరూ. ఇప్పుడు మా అప్పతో అన్నదే ఆయన ముందర ఒక్కసారి అనండి. ఆ కాగితం అబద్ధమని మీరంటే సాలు. మిగతాది నాను సూసుకుంతాను,” అని ముందు నడిచాడు. యమున వెనకే వెళ్ళింది. అంటాననే అనుకుంది. వరండా దాటేవరకూ నిజంగానే అనుకుంది.

నరసింగరావు కుర్చీలోంచి లేవలేదు. అప్పలసూరి చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. తర్వాత యమునవైపు తిరిగి, “ఏం మేడమ్, మీరేమైనా చెప్పారా వీళ్ళకి?” అని అడిగాడు. గొంతు కూడా పెంచలేదు.

అప్పలసూరి ఆమె మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. యమున నోరు తెరిచింది. ఉద్యోగం, ఇల్లు, ఇకమీదట రాజాంలో ఏ కాలేజీ వాళ్ళూ రానివ్వరన్న భయం అన్నీ ఒక్కసారి మీదపడ్డాయి.

“లేదు సార్,” అంది.

అప్పలసూరి తిట్టలేదు. బయటికి నడిచాడు. కిటికీలోంచి యమునకి ఆటో కనిపిస్తూనే ఉంది, మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

“ఏటన్నాదిరా?” అని అడిగింది కూర్మమ్మ.

“ఏటీ నేదప్పా. ఎల్పోదాం పద,” అన్నాడు అప్పలసూరి.