జీప్నీ నుదుటి రేకు

"బల్ల పైన గోడ ఖాళీ చేసిపెట్టు పెర్లీ, రేపు మన బండి రేకు ఇంటికి తెస్తున్నాను," అన్నాడు మా ఆయన ఎఫ్రెన్, నేను చేపకి పొలుసు తీస్తుంటే.

ఖాళీ చెయ్యడమంటే నాలుగు మేకులు పీకడమేగా అని అతని ఉద్దేశం. పెళ్ళయ్యాక నేనంటూ మనసుపడి కొనుక్కున్నవన్నీ ఆ గోడ మీదే ఉన్నాయి. నారింజ రంగు అక్షరాలతో బక్లారాన్ వెళ్ళే రూటు బోర్డు, గులాబీ రెక్కల కోడిపుంజు, ఆకుపచ్చ జుట్టు మత్స్యకన్య, ఊదా మబ్బుల్లోకి దూకుతున్న తెల్లగుర్రం, బంతి కంటే పెద్ద కళ్ళున్న బాస్కెట్‌బాల్ ఆటగాడు. మా ఊరు లాస్ పిన్యాస్ వీధుల్లో జనాన్ని మోసి మోసి తుక్కుకి వెళ్ళిన జీప్నీల, అంటే పొడుగు జీపుల్లాంటి చిన్న బస్సుల, ఒంటి మీదివే అన్నీ. వాటి నడుమ మా అత్తగారు నానాయ్ పూరింగ్ తగిలించిన ప్రభువు కడరా భోజనం పటం, మనిషి చెయ్యంత పొడుగు చెక్క గరిటె, చెక్క ఫోర్కు ఉంటాయి. అవి ప్రతి ఇంటి భోజనాల గదిలోనూ ఉండేవే కాబట్టి ఎవరూ ఏమీ అనరు. నావి మాత్రం ఎప్పుడూ దారికి అడ్డమే.

అతను తెస్తానన్న రేకు మా జీప్నీ ముందు అద్దం పైన నుదుటి పట్టీలా ఉండేది. పాత బండ్లు ఇక రోడ్డెక్కకూడదని సర్కారు అన్నాక బండిని తుక్కుకి ఇచ్చాం గానీ, ఆ రేకు మాత్రం చచ్చినా ఇవ్వనన్నాడు. దాని మీద ఎర్ర అంచు పసుపు అక్షరాల్లో 'కటాస్ నాంగ్ సౌదీ' అని ఉంది. కటాస్ అంటే పిండగా వచ్చిన రసం. సౌదీలో ఒళ్ళు పిండుకుని సంపాదించిన డబ్బుతో ఈ బండి కొన్నాం అని లోకానికి చెప్పుకోవడం. ఆ రోజుల్లో ఏ బండి నుదురు చూసినా ఆ మాటే. ఇప్పుడది నా బల్ల పైన, నా కంచాల పైన, మా మనవరాలు మైమై అక్షరాలు కూడబలుక్కునే చోట ఉంటుందట. ఆ మాట అబద్ధం. అబద్ధమని తెలిసినవాళ్ళం ఈ ఇంట్లో ముగ్గురం ఉండేవాళ్ళం. నానాయ్ పూరింగ్ పోయాక ఇద్దరం మిగిలాం.

ఎఫ్రెన్ సౌదీ వెళ్ళిన మాట నిజమే. రెండేళ్ళ ఒప్పందం మీద వెళ్ళినవాడు, ఆ కంపెనీ మూతపడి ఏడాది తిరక్కుండానే వచ్చేశాడు. ఎండకి మాడిన మొహం, పువ్వుల దుప్పటి, ఒక టేపు రికార్డరు, ఇవీ అతను తెచ్చినవి. అప్పటికే నేను గేటు కాలనీలో పెద్దిళ్ళ బట్టలు ఉతుకుతున్నాను. చీకటితో లేచి చేతిపంపు దగ్గర రేకు తొట్టి ముందు చతికిలబడితే మధ్యాహ్నం దాకా నడుం ఎత్తడం ఉండేది కాదు. నర్సుల గౌన్లు, బడిపిల్లల చొక్కాలు, ఎవరెవరి మంచాల మీదివో దుప్పట్లు. అన్నీ తెల్లవే. ఆ తెలుపు తేలడానికి నీలిమందు. రోజంతా నా కళ్ళకి తెలుపూ నీలమూ తప్ప మూడో రంగు కనపడేది కాదు. సాయంత్రం బొగ్గుల ఇస్త్రీ. ఇంటి పని ఎటూ ఉండనే ఉంది, దాన్ని పనిలో ఎవరు లెక్కేస్తారు. ఏళ్ళ తరబడి అలా కూడిన డబ్బుతోనే మేం జీప్నీ కొన్నాం. నానాయ్ పూరింగ్‌కి ఇది బాగా తెలుసు. పొద్దుగూకాక నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి, పగిలిన నా వేళ్ళకి కొబ్బరినూనె రాసేది. తెల్లారాక కంచె దగ్గర నిలబడి, మా వాడు సౌదీలో ఎంత కష్టపడ్డాడో పొరుగువాళ్ళకి చెప్పేది. నూనె రాసిన చెయ్యీ ఆమెదే, ఆ మాటలన్న నోరూ ఆమెదే. ఆమెను తలుచుకుంటే నాకిప్పటికీ కోపమూ ప్రేమా కలిసే వస్తాయి.

బండికి రంగులెయ్యడానికి మాంగ్ సెలో మా వాకిట్లోకి వచ్చిన రోజు నిన్నటిలా గుర్తుంది. అప్పటికి అతను నడివయసువాడు, నోట్లో ఆరిపోయిన సిగరెట్టు, చెవి మీద కుంచె. డబ్బాల మూతలు ఒక్కోటీ తీస్తుంటే నేను తడి చేతులతో అలాగే నిలబడిపోయాను. అలాంటి గులాబీ రంగు నేను పువ్వులో కూడా చూడలేదు. అలాంటి పసుపు ఉంటుందని కూడా నాకు తెలీదు. ఆకలేసినవాడు అన్నం వైపు చూసినట్టు చూశాను. అతనికీ, చుట్టూ చేరిన ఎఫ్రెన్ స్నేహితులకీ బెల్లంలో వేయించిన అరటికాయ ముక్కలు పుల్లలకి గుచ్చి పెడుతున్నాను. బండి నుదుటి మీద ఏం రాయమంటారని మాంగ్ సెలో అడిగినప్పుడు, నేనే అన్నాను, 'కటాస్ నాంగ్ లబాడా' అని రాయకూడదూ అని. లబాడా అంటే ఊరి బట్టల చాకిరీ. సగం వేళాకోళానికే అన్నాను. మిగతా సగం వేళాకోళం కాదు.

"ఆ మాట రాసి ఉన్న బండి ఎవరెక్కుతారే?" అన్నాడు ఎఫ్రెన్.

అందరూ నవ్వారు. పుల్ల పట్టుకున్న చేత్తోనే కడుపు పట్టుకుని నవ్వారు. వాళ్ళతోపాటు నేనూ నవ్వి, ఖాళీ పళ్ళెం లోపలికి తీసుకెళ్ళాను. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దలు.

ఆ సాయంత్రం మాంగ్ సెలో సామాను సర్దుకుంటుంటే, అతని సంచిలో రంగు కారిపోయిన రూటు బోర్డు ఒకటి కనిపించింది. బక్లారాన్‌ది. పారేసేదే, తీసుకో అన్నాడు. నాకెవరూ ఊరికే ఇవ్వక్కర్లేదని, జేబులో ఉన్న ఆ పూట కూలి అతని చేతిలో పెట్టి కొన్నాను. బియ్యం డబ్బుతో చెక్క కొన్నావు, ఇక ఉడికించి వడ్డించు అంది నానాయ్ పూరింగ్. అప్పట్లో దాన్ని చేతిపంపు ఎదురుగా గోడకి మేకుతో బిగించుకున్నాను. మర్నాటి నుంచి తెల్లబట్టల మీద నుంచి తలెత్తితే ఆ నారింజ రంగు కనిపించేది. నా చెయ్యి ఆగేది కాదు, కన్ను మాత్రం కాసేపు ఆగేది.

తర్వాత అదో పిచ్చి అయింది. తుక్కు కొట్లలో, గ్యారేజీల వెనక, మానేసిన డ్రైవర్ల ఇళ్ళలో ఎక్కడ రంగు కనపడితే అక్కడ ఆగేదాన్ని. కోడిపుంజు కోసం ఒక డ్రైవరు భార్యకి పండగ బట్టలన్నీ ఉతికిపెట్టాను. గుర్రాన్ని వర్షంలో నెత్తి మీద పెట్టుకుని తెచ్చాను, అదే గొడుగైంది. ఇది ఇల్లా, జీప్నీ స్టాండా అనేవాడు ఎఫ్రెన్. ఆ కాలాన్ని మాత్రం నేను తిట్టుకోలేను. ఆదివారం పూట మా బండిలో ముందు సీట్లో కూర్చునేదాన్ని, ఒళ్ళో మా జోవెలిన్. అద్దానికి మల్లెల్లాంటి సంపగీతా దండ, వెనక నుంచి చెయ్యి మారి చెయ్యి మారి వచ్చే ఛార్జీ చిల్లర, టేపు రికార్డరులో పాట, దానికి పైన ఎఫ్రెన్ గొంతు. అతను బాగా పాడేవాడు. సందులోంచి మా బండి బయటికొస్తే వీధంతా పండగలా వెలిగేది. పిల్లలు పరిగెత్తుకుంటూ వెనకపడేవాళ్ళు. ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేను. తల పైన ఉన్న ఆ ఒక్క రేకు తప్ప అంతా నాదే అనిపించేది.

మొన్నామధ్య జోవెలిన్ స్నేహితురాలొకామె మకాటి నుంచి వచ్చింది. గోడ ముందు నిలబడి ఫోటోలే ఫోటోలు. దీన్ని పాప్ ఆర్ట్ అంటారు ఆంటీ, మా వైపు ఇళ్ళలో వీటి కోసం కొట్టుకుంటున్నారు అంది. నేను కాఫీ కలుపుతున్నాను. నేను కప్పులతో వచ్చేసరికి ఎఫ్రెన్ ఆమెకి గుర్రాన్ని చూపిస్తూ, "ఇవన్నీ ఏరి ఏరి తెచ్చానమ్మా, కళ్ళుండాలి దీనికి," అంటున్నాడు. జోవెలిన్ నా వైపు చూసింది. నేను చక్కెర ఎంతని అడిగాను. ఆ రోజు నుంచే అతనికి ఆ గోడ మీద మమకారం పుట్టింది. మమకారంతోపాటే, దాని నడిమధ్య తన రేకు ఉండాలన్న ఆలోచనా వచ్చింది. మా వాడ పండగకి చుట్టాలందరూ ఈ బల్ల చుట్టే చేరతారు కదా.

మర్నాడు రేకు వచ్చింది, రెండు ముక్కలుగా. ట్రైసికిల్ తొట్టిలో పట్టలేదని తుక్కు కొట్టువాడి చేత కోయించాడట, అతికించేస్తే సరిపోతుందన్నాడు. కోతలో అతని తెలివి బానే ఉంది, అక్షరం పాడవకుండా మాటల మధ్య ఖాళీలో కోయించాడు. ఒక ముక్క మీద 'కటాస్ నాంగ్', రెండో దాని మీద 'సౌదీ'. రెండూ వాకిట్లో నేల మీద పెట్టి, దుమ్ము తుడిచి పెట్టమని నాకు చెప్పి కోడిపందేల కబుర్లకి వెళ్ళిపోయాడు. తడిగుడ్డ తెచ్చి మొదటి ముక్క తుడిచాను. పసుపు తేరుకుంది, ఆ రోజు డబ్బాలో చూసిన పసుపే. చాలాసేపు దాన్నే తుడుస్తూ కూర్చున్నాను. రెండో ముక్క తుడవడానికి నా చెయ్యి రాలేదు.

అక్కడి నుంచి లేచి నేరుగా మాంగ్ సెలో ఇంటికి వెళ్ళాను. ముసలివాడైపోయాడు, చెయ్యి కాస్త వణుకుతోంది గానీ కుంచె పట్టుకుంటే నిలబడుతుంది. 'కటాస్ నాంగ్' ముక్క పక్కన అతికేలా అదే అంచుతో, అదే రంగుతో ఒక్క మాట రాసిన రేకు కావాలన్నాను. ఏ మాటని అడగలేదు. నవ్వాడు.

"ఈ ఊళ్ళో సౌదీ వెళ్ళిన మగాళ్ళకంటే నేను సౌదీ అని రాసిన బండ్లే ఎక్కువ పెర్లీ. ఎవరింట్లో ఎవరు కష్టపడ్డారో నాకెవరు చెప్తారు, చిరుతిండి పెట్టేవాళ్ళ చేతులు చూస్తే తెలిసేది," అన్నాడు.

నా చేతులు వెనక్కి దాచుకోబోయి, మానేశాను.

పండగనాటి ఉదయం ఎఫ్రెన్ ఊరేగింపుకి వెళ్ళాక బల్ల ఎక్కి మేకులు కొట్టాను. నా వాటిలో ఒక్కటీ తియ్యలేదు. నానాయ్ పూరింగ్ చెక్క గరిటెనీ ఫోర్కునీ మాత్రం పక్క గోడకి జరిపాను, ఆమె ఉంటే సణిగేది, తర్వాత కొబ్బరినూనె తెచ్చేది. కడరా భోజనం కింద, కోడిపుంజుకీ మత్స్యకన్యకీ మధ్య రెండు రేకులూ అతుకు కనపడకుండా కుదిరాయి. సౌదీ ముక్క పెరట్లో కోళ్ళ గూటి పైన వేశాను. వానకి బాగా పనికొస్తుంది.

మధ్యాహ్నానికి ఇల్లు నిండింది. నూడుల్సు, వేరుశనగ పులుసులో ఉడికిన ఎద్దు తోక, పంది మాంసం, అన్నీ నా వంటే. ఎఫ్రెన్ నలుగురు స్నేహితుల్ని వెంటేసుకుని వచ్చి, కుర్చీ లాగుతూనే మొదలుపెట్టాడు, "ఎడారిలో ఆ రోజుల్లో," అని. అతనికి ఆ గోడ వీపు వెనక ఉంది. స్నేహితులు మాత్రం గోడ వైపే చూస్తున్నారు. ఎవరూ నవ్వడం లేదు. మైమై చెంచా కింద పెట్టి, వేలు చూపిస్తూ కూడబలుక్కుంది.

"క-టాస్ నాంగ్ ల-బా-డా." నా వైపు తిరిగింది. "అమ్మమ్మా, లబాడా చేసిందెవరు?"

"నేనే తల్లీ," అన్నాను.

ఎఫ్రెన్ వెనక్కి తిరిగాడు. ఆ మాట చదివాడు. నేను అన్నం గిన్నె పట్టుకుని అక్కడే నిలబడ్డాను, ఈసారి లోపలికి వెళ్ళలేదు. కోపంతో కాదు, దిక్కుతోచక అతని నోటికి ఆ పాత మాటే వచ్చింది, అదీ చాలా మెల్లగా.

"ఆ మాట రాస్తే ఎవరెక్కుతారు పెర్లీ?"

"ఎవరూ ఎక్కక్కర్లేదు ఎఫ్రెన్," అన్నాను, అతని కంచంలో అన్నం వడ్డిస్తూ. "ఇన్నాళ్ళూ తిన్నట్టే, దాని కింద కూర్చుని తినండి."