చేపల కొట్టుకు చేమదుంపల ఆర్డర్లు

సమోవా దీవుల్లో, అపియా బజారులో నాది చేపల కొట్టు. న్యూజిలాండ్‌కు పోయి ఆక్లండ్‌లో ఉన్నవాళ్ళు ఇక్కడి బంధువుల ఆదివారం భోజనానికి మా సైటులో చేపలు ఆర్డరు చేస్తారు, మేం శనివారం ఇళ్ళకు చేరుస్తాం. ఆ సైటు కట్టింది మా మేనకోడలు సియెనీ. పేజీలు, సరుకుల పట్టీ, వచ్చిన ఆర్డర్లు దాచే గిడ్డంగి అన్నీ నిలబెట్టుకోవడానికి వీలుగా ముందే అల్లిపెట్టిన చట్రం ఒకటి నెట్‌లో ఊరికే దొరుకుతుందట. దేశదేశాల వాళ్ళు కలిసి అల్లారట. ఊరికే ఇచ్చేవాడికి లాభమేమిటో నాకింకా లెక్క తేలలేదు. ఊరికే తీసుకున్నాం కాబట్టి మనం కట్టిందీ నలుగురికీ ఇవ్వాలని సియెనీ పట్టుబట్టి, మా సైటు కోడంతా బయటపెట్టింది.

శుక్రవారం పొద్దున ఫోను మోగడం మొదలుపెట్టి ఇక ఆగలేదు. అన్నీ చేమదుంపల ఆర్డర్లు. మేం దుంపలు అమ్మం. సియెనీ కాసేపు వెతికి, నవ్వాపుకోలేక ఐసు పెట్టె మీద కూలబడింది. ఎదురు వరుసలో దుంపలమ్మే మసీనా అల్లుడు మా కోడు తీసుకుని, చేపల బొమ్మల చోట దుంపల బొమ్మలు పెట్టి సైటు తెరిచాడు. ఆర్డరు ఏ గిడ్డంగికి, ఏ ఫోనుకు పోవాలో చెప్పే ఫైలు మాత్రం మార్చలేదు. అసలా ఫైలు బయటపెట్టకూడదు. సియెనీ పెట్టింది.

వచ్చేది పిల్లల పండగ ఆదివారం, ఇంటింటా విందే. దుంపలు చేరకపోతే మసీనా పేరు ఆక్లండ్ దాకా మట్టిలో కలుస్తుంది. ఇంకోచోట కొని నేనే పంపితే ఆ బేరాలన్నీ నావి. లెక్క వేశాను. లాక్కున్న బేరం ఒక్క ఆదివారం, కలిసిన బేరం ప్రతి ఆదివారం. లేచి వెళ్ళాను.

మసీనా ఈగలు తోలుకుంటోంది. నిన్న సైటు తెరిస్తే ఒక్కరూ అడగలేదని, ఆక్లండ్ వాళ్ళు రొట్టెలు మరిగారని తిట్టింది.

"రొట్టెలేం కాదక్కా. నీ ఆర్డర్లన్నీ నా ఫోన్లో ఉన్నాయి."

"నా ఆర్డర్లు నీ ఫోన్లో ఎందుకుంటాయి తమ్ముడూ? పొద్దున్నే తాగావా?"

చూపించాను. పేర్లన్నీ చదివి అల్లుడి వైపు తిరిగింది. అతను పైకప్పు చూస్తున్నాడు.

"కాపీ కొట్టడం కూడా చేతకానివాణ్ణి ఇచ్చాడు దేవుడు," అని, దుంపల గుట్ట కదిలేలా నవ్వింది.

నా వెనకే వచ్చిన సియెనీ రెండు సైట్లనూ విడదీస్తానంది. ఇద్దరం ఒక్కసారే వద్దన్నాం. దుంపల్లేకుండా చేప ఎవరు తింటారు?

"అయితే కలిసిన సైటుకు నా పేరే ముందుండాలి," అంది మసీనా.

"సైటు నాది కదక్కా."

"ఆర్డర్లెవరివి?"

శనివారం చేపలూ దుంపలూ ఒకే ట్రక్కులో బయల్దేరాయి. డ్రైవరు పక్క సీటు మసీనాది. నేను వెనక దుంపల మీద కూర్చుని, ప్రతి గుంతకూ ఎగిరిపడుతూ, దారిన పోయేవాళ్ళందరికీ చెయ్యి ఊపుతూ పోయాను.