చీకటి పడ్డాక కరెంటు పంచిన ఇల్లు

గురువారం సాయంత్రం నాలుగున్నరకు వీధిలో కరెంటు తీశారు. నాలుగు ముప్పై ఒకటికి పదకొండో నంబరు ఇంట్లో ఆక్సిజన్ మిషన్ ఆగిపోయింది. ఆ ఇంటి డాబా మీద పన్నెండు సోలార్ ప్యానెళ్లు, మెట్ల కింద ఒక బ్యాటరీ ఉన్నాయి. ఎండ ఇంకా డాబా మీదే ఉంది.

మిషన్ ఆ ఇంటి పెద్దావిడది. ఊపిరితిత్తుల జబ్బు. రోజుకు పదహారు గంటలు ముక్కుకు ట్యూబు ఉండాలని డాక్టరు రాసిచ్చాడు. బ్యాటరీ కొన్నది అందుకే. కొన్నాక అది ఎందుకు కొన్నారో ఆమె భర్త మరిచిపోయారు.

పెద్దాయన ఇరవై ఆరేళ్లు ఒక ప్రెస్సులో ప్రూఫ్ రీడరు. అన్నేళ్లూ పరాయి తప్పులే దిద్దారు. సోలార్ బిగించిన రోజు నుంచి ఆయన ఫోన్‌లో ఒక యాప్ చేరింది. ఇంట్లోకి ఎంత కరెంటు వస్తోంది, ఇంట్లోంచి వీధి లైనులోకి ఎంత పోతోంది, బ్యాటరీ ఎంత నిండింది, అన్నీ అందులో కనిపిస్తాయి. ఆయన రోజూ రాత్రి ఎనిమిదికి, భోజనం అయ్యాక, ఒక్కసారే చూసేవారు. బ్యాటరీ నూరు శాతం. దాని కింద పచ్చ అక్షరాల్లో, "గ్రిడ్‌కు ఇస్తున్నారు", అంటే వీధి లైనుకు. దాన్ని ఫొటో తీసి, పొద్దున తనతో నడిచేవాళ్ల గ్రూపులో పెట్టేవారు. కింద ఒక వాక్యం రాసేవారు: "సూర్యుడు డ్యూటీ దిగినా మా ఇల్లు దిగదు."

పక్కింటి దర్జీకి విడిగా ఇంకోటి పంపేవారు: "మీ ఇంట్లో వెలిగే బల్బు మాదే."

దర్జీ ఇంట్లో సోలార్ లేదు. నెలకోసారి నీళ్లు పోసుకోవలసిన పాత ఇన్వర్టర్ బ్యాటరీ ఒకటి ఉంది. ఆమె ఒకే ఒకసారి జవాబిచ్చింది. "అన్నయ్యగారూ, బల్బు మీదే అయితే మాడిపోయినప్పుడు కూడా మీరే వచ్చి మార్చండి."

పెద్దాయన కోడలు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. కొట్లలో కాటాలు నిజం చెబుతున్నాయో లేదో చూడడం ఆమె ఉద్యోగం. కొడుకు గూడ్సు రైలు గార్డు. ఆ వారం డ్యూటీ మీద బయట ఉన్నాడు.

మంగళవారం రాత్రి ఎనిమిదికి కోడలు ఆ యాప్‌ను మొదటిసారి తీరిగ్గా చూసింది.

"మామయ్యా, సూర్యుడు ఆరింటికే వెళ్లిపోయాడు. బ్యాటరీ నిండుగా ఉంది, తగ్గడం లేదు. మరి మనం వీధికి ఇస్తున్న కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోంది?"

"పొద్దున పట్టింది."

"పట్టింది బ్యాటరీలోనే కదా ఉండాలి? అది తగ్గడం లేదంటున్నాను."

"వైర్లలో మిగిలి ఉంటుందమ్మా."

కోడలు లేచి ఇస్త్రీ పెట్టె ప్లగ్గులో పెట్టి స్విచ్ వేసింది. ఇస్తున్న కరెంటు ఆరు వందల వాట్ల నుంచి పదహారు వందలకు పెరిగింది. తీసేసింది. ఆరు వందలకు దిగింది.

"చూశారా? ఇస్త్రీ పెట్టె వేస్తే మనం ఊరికి ఇచ్చేది పెరుగుతోంది."

"మంచిదేగా."

"మంచిదే," అంది మంచం మీంచి పెద్దావిడ. "ఆ మిక్సీ కూడా వెయ్యవే. ఊరు బాగుపడుతుంది."

బయట గోడకు కరెంటు డిపార్ట్‌మెంటు వాళ్ల మీటరు ఉంది. అందులో తీసుకున్న యూనిట్లు వేరే, ఇచ్చిన యూనిట్లు వేరే పడతాయి. ఆరింటికి ఒకసారి, ఎనిమిదింటికి ఒకసారి కోడలు దాని అంకెలు రాసుకుంది. ఆ రెండు గంటల్లో ఇల్లు ఏడు యూనిట్లు తీసుకుంది. ఇచ్చింది సున్నా. కాగితం తెచ్చి మామగారికి చూపించింది.

"డిపార్ట్‌మెంటు వాళ్లు మనం తీసుకున్నట్టే చూపిస్తారు," అన్నారాయన. "అదే వాళ్ల ఉద్యోగం."

"ఖాళీ పళ్లానికి బరువు చూపిస్తే తప్పు కాటాదే మామయ్యా. మన కాటా తిరగబడింది."

పెద్దావిడ ఇంకో మాట చెప్పింది. పగలు ఇంట్లో ఉండేది ఆమె ఒక్కతే. మిట్టమధ్యాహ్నానికి మెట్ల కింద బ్యాటరీ దీపం ఎర్రబడుతోందని, చీకటి పడ్డాకే పచ్చబడుతోందని అంది.

"ఎండకి వేడెక్కి ఎర్రబడుతుంది," అన్నారు భర్త.

"మెట్ల కింద ఎండెక్కడిదండీ?"

ఆయన ఆ రాత్రి ఫొటో గ్రూపులో పెట్టేశారు.

నెల బిల్లు ఇంకా రాలేదు. వచ్చి ఉంటే ఇంత చర్చ ఉండేది కాదు.

బుధవారం కోడలు సోలార్ కంపెనీకి ఫోన్ చేసింది. అవతలి అమ్మాయి తన కంప్యూటర్లో చూసి, "మీ సిస్టమ్ చాలా ఆరోగ్యంగా ఉంది మేడమ్," అంది. అయినా ఫిట్టర్‌ని సోమవారం పంపుతామంది. అదే రోజు సాయంత్రం డిపార్ట్‌మెంటు నుంచి మెసేజ్ వచ్చింది. గురువారం నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా లైను మరమ్మతు. కోడలు వెళ్లి ఒక ఆక్సిజన్ సిలిండరు అద్దెకు తెచ్చి అత్తగారి మంచం పక్కన నిలబెట్టింది.

పెద్దాయన దాన్ని చూసి, "ఇల్లా, ఆస్పత్రా?" అన్నారు. పోయిన వారం రాత్రి తొమ్మిదింటికి పన్నెండు నిమిషాలు కరెంటు పోయింది. మిషన్ ఆగలేదు. ఆ సంగతి గుర్తుచేశారు. అప్పుడు బ్యాటరీ నిండుగా ఉన్న మాట నిజమే.

గురువారం పొద్దున కోడలు సంతలో కాటాల తనిఖీకి వెళ్లింది. మధ్యాహ్నం రెండు గంటలకు పెద్దాయన సిలిండరును ఆటోలో వెనక్కి పంపారు. అద్దె కొట్టు రసీదులో తీసుకున్న సమయం రెండూ పది అని ఉంది. అప్పుడు బ్యాటరీలో ఉన్నది తొమ్మిది శాతం. ఆయన చూడలేదు. ఎనిమిది కాలేదు కదా.

నాలుగున్నరకు అది ఐదు శాతం. ఐదు దగ్గర సోలార్ ఇన్వర్టర్ ఆగిపోతుంది. వీధి లైనూ లేక, బ్యాటరీ ఊతమూ లేక, డాబా మీది ప్యానెళ్లు ఎండలో ఊరికే కూర్చున్నాయి.

మిషన్ బీప్ మని అరిచింది. పెద్దావిడ వేలికి తగిలించిన మీటరులో ఆక్సిజన్ తొంభై మూడు. పెద్దాయన కంపెనీకి ఫోన్ చేశారు.

"సార్, మీ సిస్టమ్ మాకు కనిపించడం లేదు. ఇంటర్నెట్ ఒకసారి ఆపి వేసి చూడండి."

"కరెంటే లేదమ్మా!"

"కరెంటు వచ్చాక చూడండి సార్."

నాలుగు ముప్పై ఏడుకు ఎనభై ఆరు. ఆయన కోడలికి ఫోన్ చేశారు.

"సిలిండరు నాబ్ తిప్పండి మామయ్యా. నేను చూపించాను కదా, ఎడమ వైపుకి."

ఆయన మంచం పక్కన ఖాళీ చోటు వైపు చూశారు.

"మామయ్యా?"

"వెనక్కి పంపేశానమ్మా."

"ఫోన్ పెట్టేయండి," అంది కోడలు. వెంటనే దర్జీకి చేసింది. సంత నుంచి ఇంటికి ఇరవై ఐదు నిమిషాలు. దర్జీ ఇంటికీ వీళ్లింటికీ మధ్య నాలుగడుగుల గోడ.

దర్జీ కుట్టు మిషన్ దగ్గరి పొడుగు వైరు పీకింది. ఒక కొస తన పాత ఇన్వర్టర్ ప్లగ్గులో గుచ్చి, ఇంకో కొస కిటికీలోంచి గోడ మీదుగా విసిరింది.

"పట్టుకోండి అన్నయ్యగారూ! అలా తడుముకుంటే ప్లగ్గు దొరకదు. ఇటివ్వండి, నేనే వస్తున్నాను." గోడ దూకి వచ్చింది. "వదినా, మాట్లాడొద్దు. ముక్కుతో పీల్చండి."

నాలుగు నలభై నాలుగుకు మిషన్ మళ్లీ నడిచింది. అప్పుడు ఎనభై మూడు. నాలుగు యాభై ఎనిమిదికి తొంభై రెండు.

పెద్దావిడ ఊపిరి తీసుకుని మాట్లాడింది. "ఏమండీ, ఈ కరెంటు ఎవరిదో కాస్త మీ గ్రూపులో పెట్టండి."

కోడలు ఐదుంపావుకు వచ్చింది. దారిలో సిలిండరు కూడా తెచ్చింది. ఫిట్టర్ సోమవారం కాకుండా ఆరింటికే వచ్చాడు. ఈసారి కంపెనీకి చేసిన ఫోన్‌లో ఆమె తన హోదా కూడా చెప్పింది.

బోర్డు మూత తీశాడు. మెయిన్ వైరును చుట్టి పట్టుకుని చిన్న క్లాంపు ఒకటి ఉంది. కరెంటు ఇంట్లోకి వస్తోందా, బయటికి పోతోందా ఇన్వర్టర్‌కి చెప్పేది అదే. దాని మీద బాణం గుర్తుంది. బాణం వీధి స్తంభం వైపు చూస్తోంది. ఇంటి వైపు చూడాలి. పగలు ఎండ కరెంటు మిగిలినప్పుడల్లా ఇల్లు కరెంటు తీసుకుంటోందనుకుని ఇన్వర్టర్ బ్యాటరీని వీధిలోకి ఖాళీ చేసింది. చీకటి పడ్డాక ఇల్లు కరెంటు తీసుకుంటే, మిగిలిందనుకుని బ్యాటరీని వీధి కరెంటుతో నింపింది.

"పన్నెండేళ్లు వేరే కంపెనీలో చేశాను మేడమ్," అన్నాడు ఫిట్టర్. "వాళ్ల క్లాంపుకి బాణం స్తంభం వైపే. చెయ్యి దానంతట అదే పెట్టేసింది."

"బిగించాక చూసుకోరా?"

"క్లాంపు మూసినట్టు ఫొటో పెట్టమంటారు. పెట్టాను. బాణం ఎటుందని ఎవరూ అడగలేదు."

క్లాంపు విప్పి, తిప్పి, బిగించడానికి అతనికి నలభై సెకన్లు పట్టింది.

"ఈ కంపెనీలో చేరాక ఎన్ని ఇళ్లకు పెట్టావు బాబూ?" పెద్దావిడ అడిగింది.

"ఇదీ కలిపి పదిహేడు అమ్మా."

"వాళ్లలో ఎవరికైనా ఇలాంటి మిషన్ ఉందా?"

అతనికి తెలియదు. కోడలు కుర్చీ చూపించింది. అతను కూర్చుని పదహారు ఇళ్లకూ ఫోన్లు చేశాడు. పదిహేను ఇళ్లవాళ్లు ఎత్తారు. ఆక్సిజన్ మిషన్ ఒక ఇంట్లో ఉంది. అతను ముందు అక్కడికే వెళ్లాడు. శుక్రవారం చీకటి పడేలోగా పదిహేను క్లాంపులూ తిప్పాడు.

పదహారో ఇంటికి శనివారం ఉదయం తొమ్మిదింటికి వెళ్లి బెల్లు కొట్టాడు. యజమాని తలుపు సగమే తీశాడు. తమ ఇల్లు రాత్రి పూట కూడా గ్రిడ్‌కు కరెంటు ఇస్తోందని, దాన్ని ముట్టుకోవద్దని చెప్పి తలుపు వేసుకున్నాడు.