చెవిలో ఉప్పునీళ్లు

చెంచులక్ష్మి కుడిచెవి కారుతోందంటే ఊళ్లో ఎవరికీ వింత అనిపించలేదు. పులికాట్ సరస్సు నీళ్లలో మోకాళ్ల మీద పాకుతూ, తాటాకు బుట్ట తాడును పళ్లతో కరిచి పట్టుకుని, బురద తడిమి రొయ్యలు ఏరే మనిషి చెవిలోకి నీళ్లు పోకుండా ఉంటాయా? ఆమే ఒకసారి ఆ చుక్కను నాలిక్కి రాసుకుని చూసింది. ఉప్పగా ఉంది. ఇంకేం, సరస్సు నీళ్లేనని తేలిపోయింది. అత్త కామాక్షమ్మ వెల్లుల్లి వేసి నూనె కాచి, గోరువెచ్చగా చెవిలో పోసింది. పోసీ పోసీ అదామెకు నిత్యపూజ అయిపోయింది.

కిందటేడు చెంచులక్ష్మి పడవ మీంచి జారి తల రేవు రాయికి కొట్టుకుంది. చెవి కారడం ఆ తర్వాతే. మెడ కొయ్యబారిపోయే జ్వరం రెండుసార్లు వచ్చిందీ ఆ తర్వాతే. మెదడు పొరలకు పట్టిన జ్వరమనీ, బతికి బయటపడ్డమే గొప్పనీ ఆసుపత్రిలో అన్నారు. ఇంటికొచ్చాక కోలుకునేదాకా ఆమె నీళ్లలో కాలు పెట్టలేదు. అయినా పొయ్యి ఊదడానికి వంగితే చెవిలోంచి చుక్క రాలింది. నాలిక్కి రాసుకుంది. అదే ఉప్పు!

"నీళ్లలో దిగిందే లేదు గదత్తా, ఈ ఉప్పు యాడిది?"

"పాత నీళ్లేనే అమ్మే, లోపల నిలిచిపోయింటాయి. నూనె పోస్తానుండు."

"పోయొద్దు. ఇంకోసారి ఆ జొరమొస్తే నేను ఉండను. ఇదేందో తేలిందాకా ఊరుకునేది లేదు," అని కొంగు బిగించి నెల్లూరు బస్సెక్కింది. కామాక్షమ్మ గొణుక్కుంటూనే వెంట పోయింది.

తీరా చెవి డాక్టరు పుష్పకుమారి చూస్తే, ఆ మాయదారి చెవి పొడిగా ఉంది! కర్ణభేరికి చిల్లుంది గానీ తడి లేదు. డాక్టరు మాత్రం ఊరికే పంపెయ్యలేదు. దెబ్బ సంగతీ జ్వరాల సంగతీ విన్నాక ఆమె ముఖం మారింది.

"ఎప్పుడు కారుతుందమ్మా?"

"వంగి పని చేస్తే మేడమ్."

"ఆ నీరు నాకు కావాలి. పని ఎలా చేస్తారో చూపించండి."

చెంచులక్ష్మి చీర ఎగదోపి గచ్చు మీద మోకాళ్లూనింది. తాడు లేదు గనక కొంగే కరిచింది. లేని రొయ్యల కోసం గచ్చంతా తడమసాగింది. బయట బెంచీల మీది జనం తొంగిచూశారు.

"లెయ్యే, నవ్వతా ఉండారు," అని కామాక్షమ్మ సిగ్గుతో చచ్చిపోయింది.

"నవ్వనీ!" అంది చెంచులక్ష్మి కొంగు వదలకుండానే. నడుము పట్టేసింది, మోకాళ్లు మంటెత్తాయి, అయినా లేవలేదు. పక్కనే గొంతుక్కూర్చున్న డాక్టరు చెవి కింద చిన్న సీసా పట్టింది. ఎప్పటికో ఒక చుక్క పడింది. వెనకే ఇంకొకటి. తేట నీరు.

పరీక్షలయ్యాక డాక్టరు చెప్పింది: "ఇది సరస్సు నీరు కాదమ్మా. మెదడు చుట్టూ ఉండే నీరు. అదీ ఉప్పగానే ఉంటుంది. చెవికీ మెదడుకీ మధ్య ఉన్న పలచటి ఎముక చిట్లింది. నీరు వచ్చే దారినే క్రిములు లోపలికి పోతున్నాయి. చెవిలో ఏదీ పోయకూడదు."

"అయ్యో, నేనే పోసినా మేడమ్! నా చేతులు పడిపోనూ!" అని కామాక్షమ్మ భోరుమంది.

ఆపరేషన్‌లో చెవి వెనక కోసి, అక్కడి కండ మీది పలచటి పొర తీసి చీలికకు అతుకు వేశారు. తల ఎత్తులో పెట్టి పడుకోవాలి, ముక్కకూడదు, బరువెత్తకూడదు, ముక్కు చీదకూడదు, నోరు మూసుకుని తుమ్మకూడదు. కామాక్షమ్మ కాపలా కాసింది. కోడలికి తుమ్మొస్తే నోరు తెరువు, నోరు తెరువు అని అరిచి ఇల్లు ఎగరగొట్టేది.

కొన్ని నెలల తర్వాత, ఇక వంగి చూడమంది డాక్టరు. అదే గచ్చు. చెంచులక్ష్మి మోకాళ్లూని కొంగు కరిచింది. ఒకప్పుడు నూనె పోసిన చేతి అరచేతినే కామాక్షమ్మ ఆ చెవి కింద పట్టి కూర్చుంది.

"చాలమ్మా, లేవండి," అంది డాక్టరు.

"ఇంకాసేపు మేడమ్," అంది చెంచులక్ష్మి.

అత్తాకోడళ్లిద్దరూ కదల్లేదు. చివరికి కామాక్షమ్మే ఆ అరచెయ్యి కోడలి చెంపకు రాసింది.

"పొడిగా ఉండాదే నా తల్లీ. లెయ్యి. లేచి నన్ను గూడా లేపు, మోకాళ్లు పట్టేసినాయి."